ఇద్దరూ ఒకేసారి డ్యూటీలో ఉండరాదు

డిపోలో అతన్ని నిదానం అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల రోజున సంతకానికి పనికొచ్చేది, అంతే. ఎంత రద్దీలోనైనా బ్రేకు మీద కాలు దూదిమీద పెట్టినట్టు పెట్టేవాడు. బస్సులో నిలబడ్డ ముసలమ్మ చేతిలో గ్లాసుడు నీళ్ళున్నా తొణికేవి కావు. "నిదానమన్నా, నిన్న నీ బస్సు దిగి నడిచిపోయినవాడు నీకంటే ముందే చేరాడట కదా!" అని తోటి డ్రైవర్లు ఆటపట్టిస్తే, "వాడు తనొక్కణ్ణే మోసుకెళ్ళాడురా, నేను యాభైమందిని" అనేవాడు. అంతకు మించి మాట పెంచడం చేతకాదు. నోట్లో నాలుక లేని మనిషి.

పెళ్ళి కూడా గంట వినే చేసుకున్నాడని డిపోలో ఒక కథ ఉండేది. అందులో అబద్ధం పాలు తక్కువే. డ్రైవరు ముఖం రోడ్డు వైపు, కండక్టరు ఎక్కడో వెనక, మధ్యలో కిక్కిరిసిన జనం. పొద్దుణ్ణించీ ఒకే బస్సులో తిరిగే ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకునేది టీ తాగేటప్పుడే. మిగతా సేపంతా వాళ్ళ మధ్య నడిచే మాట గంట ఒక్కటే: ఒకసారి కొడితే ఆపు, రెండుసార్లు కొడితే పోనియ్యి. కొందరు పళ్ళెం మీద గరిటెతో కొట్టినట్టు కొడతారు. కొత్తగా కండక్టరుగా చేరిన అమ్మాయి రెండో గంటకు ముందు చిటికెంత ఆగేది, వెళ్దామా అని అడిగినట్టు. ఒకరోజు ఆమె సెలవు పెట్టింది. మర్నాడు టీ దగ్గర అతను, "నిన్న రాలేదేం కండక్టర్ గారూ?" అన్నాడు.

"ఒంట్లో బాగాలేదు. ఏం, టిక్కెట్లు కూడా మీరే కొట్టాల్సి వచ్చిందా?"

"అది కాదు. బస్సు సరిగ్గా కదల్లేదు."

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు డిపో అంతటికీ తెలుసు. అది మొదలయ్యాక ఎదుటివాడు ఎంత కోపంతో ఉన్నా చిల్లర సంగతి మరిచిపోయేవాడు. నవ్వులక్క అనే పేరు ఆమెకు చేరిన నెలలోనే స్థిరపడింది. ఆ ఏడు తిరగకుండానే పెళ్ళయింది. పెళ్ళయ్యాక కూడా అదే బస్సు, అదే గంట. అందరూ ఇంటికెళ్ళాక కాపురం చేస్తారు, వీళ్ళు టిక్కెట్టు ఇచ్చి మరీ చేస్తున్నారని హారన్ అనే డ్రైవరు వెక్కిరించేవాడు. హారన్‌కి ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. రోడ్డు మీద కాకి వాలినా మోగించేవాడు.

తర్వాత కూతురు పుట్టింది. ఇంట్లో గువ్వ అని పిలుచుకున్నారు. నడక వచ్చిన కొన్నాళ్ళకే మూర్ఛలు మొదలయ్యాయి. చూపించని డాక్టరు లేడు. మందులతో కొంత తగ్గాయి గానీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక్క నిమిషం కూడా పిల్లను ఒంటరిగా వదలొద్దని పెద్ద డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. చూసుకోవడానికి ఇంట్లో మూడో మనిషి లేరు. ఒకరు ఉద్యోగం మానేద్దామంటే మందులు ఊరుకోవు.

అప్పుడు డిపోలో డ్యూటీలు వేసేది ఒక పెద్దాయన. అందరికీ ఛార్టు బాబాయ్. గోడంత కాగితం పరిచి, చెవి మీద పెన్సిలు, చేతిలో రబ్బరు పెట్టుకుని ఎవరు ఏ బస్సు, ఎవరికి పొద్దు, ఎవరికి మాపు అని రాసేవాడు. నిదానం వచ్చి ఎదురుగా నిలబడి ఏమీ చెప్పకుండా టోపీ తిప్పుతుంటే ఆయనే అన్నాడు: "తెలిసిందిరా అబ్బాయ్. ఒకరికి పొద్దున, ఒకరికి మధ్యాహ్నం నుంచి. ఇద్దరూ ఒకేసారి రోడ్డు మీద లేకుండా నేను చూస్తాగా. దీనికింత మొహమాటమెందుకు?"

అలా ఒకే బస్సులో ఉన్న ఇద్దరూ విడిపోయారు. ఆమె పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం వచ్చేది, అతను అప్పుడు బయల్దేరేవాడు. ఇంకో వారం తిరగేసి. బస్సు చేతులు మారేటప్పుడు డ్రైవర్లు ఎలా అప్పగించుకుంటారో గుమ్మం దగ్గర పిల్లను అలాగే అప్పగించుకునేవాళ్ళు. "పొద్దున ఒకసారి వచ్చింది, చిన్నదే. మందు వేశాను. అన్నం సగం తిని మారాం చేసింది." "సరే. ఇప్పుడు?" "పడుకుంది. లేచాక నిన్నటి కథ మిగతాది చెప్పమంటుంది. నాకు రాదన్నాను." "నాకు మాత్రం వచ్చా?" అంటూ ఆమె చెప్పులు విప్పేది, అతను చెప్పులు వేసుకునేవాడు.

ఇలా ఉండగా డిపోకి లెక్కలమ్మ వచ్చింది. విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే మనిషి. ఉన్నదాంట్లో అన్నిటికంటే మేలైన ఏర్పాటు ఏదో లెక్కవేసి తేల్చడం ఆమె శాస్త్రం. ఆ లెక్కను బస్సు డ్యూటీలకు పట్టించే పరిశోధనకు ఈ డిపోని ఎంచుకున్నారు. ఛార్టు గదిలో కంప్యూటరు పెట్టించి, మొదటిరోజు అందరినీ పిలిచి చెప్పింది.

"ఇన్ని బస్సులకూ ఇంతమందినీ ఎన్ని రకాలుగా సర్దొచ్చో అన్నీ రాసి చూడాలంటే మన మనవళ్ళ మనవళ్ళక్కూడా తీరదు. అందుకని ఈ ప్రోగ్రాము అన్నీ చూడదు. చేతిలో ఉన్న ఛార్టులో ఎక్కడ నొప్పిగా ఉందో చూసుకుని, ఆ నొప్పి తగ్గించే కొత్త డ్యూటీ ఏదైనా ఉందా అని వెతుకుతుంది. దొరికితే చేర్చుకుంటుంది. మళ్ళీ వెతుకుతుంది."

"తెలిసిందమ్మా, మా అత్తగారు" అన్నాడు హారన్. "ఎక్కడ లోపముందో వెతుకుతూనే ఉంటుంది."

"ఇంకేదీ దొరకనప్పుడు ఇది ఆగిపోతుంది. ఆవిడ ఆగుతారా?"

"ఆగరు."

"అయితే మాది కొంచెం మెరుగు."

గదంతా నవ్వింది. అప్పటినుంచీ ఆమె డిపో మనిషే అయిపోయింది. ఛార్టు బాబాయ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఆయన తలలో ఉన్న నియమాలన్నీ ఒక్కొక్కటిగా అడిగి రాసుకుంది. అవి రెండు రకాలు అని చెప్పింది. కొన్ని కంచెలు: తప్పనిసరైతే దాటొచ్చు, కానీ ఎంత దాటితే అంత తప్పుకింద లెక్క. కొన్ని గోడలు: వాటిని దాటే ఛార్టు ఎంత బాగున్నా అసలు పుట్టనే పుట్టదు. వరసగా ఇన్ని గంటలకు మించి బస్సు నడపకూడదన్నది గోడ. ఫలానావాడికి ఫలానా రూటు ఇష్టం అన్నది కంచె. నిదానం వంతు వచ్చినప్పుడు బాబాయ్ పెన్సిలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది మాత్రం గోడేనమ్మా. వీళ్ళిద్దరూ ఒకేసారి డ్యూటీలో ఉండరాదు. రాసుకో. రెండు వరసల ఇటుకతో రాసుకో."

ఆమె ఎందుకని అడిగి, విని, కళ్ళజోడు తుడుచుకుని రాసుకుంది. మరుసటేడు బాబాయ్ రిటైరయ్యాడు. లెక్కలమ్మ తన పరిశోధన ముగించుకుని వెళ్ళిపోయింది. ఛార్టు మాత్రం వారం వారం కంప్యూటరులోంచి వచ్చి గోడకు అంటుకునేది. మనుషులు మారారు, రూటులు మారాయి. ఆ గోడ మాత్రం ఇటుక కదలకుండా నిలిచింది.

గువ్వ పోయిన రోజు ఇంట్లో ఉన్నది అతను.

ఆ మధ్యాహ్నం మొదలైన మూర్ఛ ఆగలేదు. మందు వేశాడు, ఆగలేదు. అంబులెన్సు దారిలో ఉందన్నారు, ఉందన్న చోటునుంచి కదల్లేదు. పిల్లను భుజాన వేసుకుని రోడ్డు మీదకు పరుగెత్తాడు. ఎదురుగా వచ్చింది హారన్ బస్సు. హారన్ ఏమీ అడగలేదు. ఎక్కించుకుని, ఇక ఏ స్టాపులోనూ ఆపకుండా, హారను మీద చెయ్యి తియ్యకుండా ఆసుపత్రి వైపు తోలాడు. దిగాల్సిన స్టాపులు దాటిపోతున్నా బస్సులో ఒక్కరూ నోరెత్తలేదు. వంతెన మీదకు వచ్చేసరికి ఎదురుగా ఇంకో బస్సు వచ్చింది. అది ఆమె బస్సు. రెండు బస్సులూ పక్కపక్కన రాసుకున్నట్టు దాటాయి. కిటికీలోంచి అతనికి ఆమె కనిపించింది. ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతోంది.

అతను కేకెయ్యలేదు. ఆమెను ఎక్కించుకోవాలంటే వంతెన మధ్యలో రెండు బస్సులు ఆగాలి, ఆమె దిగాలి, రోడ్డు దాటాలి. అంత వ్యవధి పిల్ల దగ్గర లేదని అతను అప్పటికప్పుడు లెక్క కట్టాడు. జీవితంలో ఎప్పుడూ తొందరపడని మనిషి ఆ ఒక్కసారి తొందరపడ్డాడు. ఆసుపత్రి గేటు దగ్గరికి చేరేసరికి పిల్ల లేదు.

ఆమెతో ఆసుపత్రి అన్నాడు, హారన్ బస్సు అన్నాడు. వంతెన అనలేదు. ఆమె అడగలేదు.

సెలవు అయ్యాక మళ్ళీ డ్యూటీకి వచ్చేసరికి గోడమీద ఛార్టు అలాగే ఉంది: ఆమెకు పొద్దున, అతనికి మధ్యాహ్నం. ఛార్టు వేసే మనిషి ఉంటే ఏమనేవాడో. కంప్యూటరుకి ఎవరూ చావుకబురు చెప్పలేదు. వీళ్ళూ చెప్పలేదు. నిజానికి మొదట్లో అది చూసి ఇద్దరికీ ఊపిరి వచ్చినట్టయింది. ఎదురెదురుగా కూర్చోవలసిన సాయంత్రం ఒక్కటీ లేదు. రాత్రి ఒకరు వచ్చేసరికి ఇంకొకరు నిద్రలో ఉంటారు, పొద్దున ఇంకొకరు లేచేసరికి ఒకరు వెళ్ళిపోయి ఉంటారు. వారానికో సెలవు కూడా వేరు వేరు రోజుల్లోనే. ఆ రోజు ఇంట్లో ఉన్నవారికి, రెండోవారు డ్యూటీ దిగి వచ్చే వేళకు బయట ఏదో పని దొరికేది. గుమ్మం దగ్గర అప్పగింతలు మాత్రం ఆగలేదు. "వంటయింది. మూత పెట్టాను." "సరే." "నీళ్ళు రావట, పట్టి ఉంచాను." "సరే." అప్పగించుకోవడానికి ఇక ఏమీ లేకపోయినా గుమ్మం అలవాటు పోలేదు. నవ్వులక్క అన్న పేరు డిపోలో ఎవరూ మానెయ్యమనకుండానే అందరూ మానేశారు.

మొదటి ఏడు గడిచాక అతనికి ఆ ఏర్పాటు గొంతులో ముల్లులా తగలడం మొదలైంది. ఆమె లేచి వెళ్ళిన పక్క ఇంకా వెచ్చగా ఉండేది. దువ్వెనలో ఆమె జుట్టు నెరుస్తున్న సంగతి చూశాడు గానీ తలలో చూడలేదు. నీ భార్య ఇప్పుడు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, చెప్పులు విప్పుకుంటూ వంగిన వీపు తప్ప ఇంకేమీ చెప్పలేననుకున్నాడు. ఒక్కపూట ఆమెతో కూర్చోవాలి. మాట్లాడకపోయినా సరే, కూర్చోవాలి. ఆ కోరిక ఎవరితో చెప్పాలో తెలియలేదు. ఆమెతో చెబితే వంతెన సంగతి కూడా చెప్పాలి.

మూడో ఏడు నడుస్తుండగా లెక్కలమ్మ మళ్ళీ డిపోకి వచ్చింది. ఈసారి కొత్త పరిశోధన. అతన్ని ఛార్టు గదికి పిలిపించింది. జుట్టు కొంచెం నెరిసింది, కళ్ళజోడు మారింది. మనిషిని చూడగానే లేచి నిలబడింది.

"రండి నిదానం గారూ, కూర్చోండి. పాపెలా ఉంది? బాగా పెద్దదై ఉంటుంది."

"పాప లేదమ్మా."

ఆమె చేయి బల్లమీదే ఉండిపోయింది. "ఎప్పుడు?" అంది.

"మీరు వెళ్ళిన తర్వాతే. పోయి ఇది మూడో ఏడు."

"అంటే మూడేళ్ళుగా నా ప్రోగ్రాము..." అని ఆగింది. "ప్రతివారం అది ఆ పాపకు కాపలా కాస్తూ ఉందన్నమాట."

"బాగానే కాసిందమ్మా" అన్నాడు అతను.

కాసేపటికి ఆమె తను వచ్చిన పని చెప్పింది, చెప్పడానికి ఇబ్బంది పడుతూనే. ఇలాంటి లెక్కల్లో ప్రతి గోడకూ ఒక ధర ఉంటుంది. డబ్బు కాదు, ఆ గోడ కాస్త పక్కకు జరిపితే మిగతా ఛార్టు ఎంత తేలికపడుతుందో, ఎన్ని బస్సులు వేళకు వస్తాయో, ఎంతమంది ఊరికే డిపోలో పడి ఉండనక్కర్లేదో, అది. ఒకప్పుడు ఏదో కారణంతో కట్టిన గోడలు, కారణం పోయాక కూడా నిలిచిపోయి ఎంత బరువు మోపుతున్నాయో చూడటం ఇప్పుడు ఆమె చేస్తున్న పని. ఎక్కువ ధర ఉన్న గోడలన్నీ ఏరి, అవి ఇంకా కావాలా అని మనుషుల్ని అడుగుతోంది.

"మీది చాలా పెద్ద ధర చూపిస్తోంది. ఎందుకో అనుకుంటూ వచ్చాను. లెక్కలో గోడ కనిపిస్తుంది గానీ అది ఎవరికోసమో కనిపించదండీ. నన్ను క్షమించండి." ఆమె తెర మీద ఆ వరస వేలితో చూపించింది. "తీసెయ్యమంటారా?"

తీసెయ్యమనే మాట అతని నోటిదాకా వచ్చింది. "ఆవిణ్ణి ఒకమాట అడగండి" అన్నాడు.

ఆమెను అడిగితే, "ఆయన్ని అడగండి" అందట.

ఆ మధ్యాహ్నం గుమ్మం దగ్గర అతను చెప్పులు వేసుకోకుండా నిలబడ్డాడు. "ఏమోయ్, లెక్కలమ్మ అడిగింది కదా. ఏం చెప్పమంటావు?"

"మీ ఇష్టం."

"నా ఇష్టం సరే. నీ ఇష్టం?"

ఆమె సంచి మేకుకు తగిలించింది. "ఇష్టాలకేముంది. డ్యూటీకి వేళవుతోంది, వెళ్ళండి."

అతను వెళ్ళి తీసెయ్యమన్నాడు. చెప్పి బయటికొచ్చాక చొక్కా కాలరు సర్దుకున్నాడు, పెళ్ళిచూపులకు వెళ్తున్నవాడిలా.

తర్వాతి వారం ఛార్టు వచ్చింది. ఇద్దరూ ఒకే బస్సు. పొద్దుటి డ్యూటీ, వంతెన రూటు. గోడ లేకపోయేసరికి వాళ్ళను కలిపి పెడితే మిగతా వరసంతా కుదురుకుందట, అంతే. డిపోలో మాత్రం సందడైంది. "అన్నా, కొత్త కాపురం!" అన్నారు. హారన్ మాత్రం దగ్గరికొచ్చి మెల్లగా, "వదినకు ఆ రూటు కాకుండా ఇంకోటి అడగకపోయావా అన్నా" అన్నాడు. నిదానం వినిపించుకోనట్టు వెళ్ళిపోయాడు.

ఆ పొద్దున ఇద్దరూ తయారై బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగాక, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటికి తాళం లేదు. పిల్ల పుట్టినప్పటినుంచీ ఆ ఇంటికి తాళం వేసే అవసరం ఎప్పుడూ పడలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు లోపల ఉండేవాళ్ళు. పాత తాళం ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు. వెతకడానికి వ్యవధి లేదు. ఆమె లోపలికెళ్ళి ఒక గుడ్డపీలిక తెచ్చి గొళ్ళేనికి రెండు ముళ్ళు వేసింది. "పిన్నిగారూ, కాస్త మా ఇల్లు చూస్తుండండి" అని పక్కింటావిడకు చెబుతుంటే ఆమె గొంతు వేరేవాళ్ళ గొంతులా ఉంది.

బస్సులో మొదటి గంట విన్నాడు. ఆ రెండు దెబ్బల మధ్య చిటికెంత ఆగడం అలాగే ఉంది. సంతోషం పట్టలేక నిండు బిందెలో నీళ్ళు తొణికినట్టు బస్సును ఒక కుదుపు కుదిపాడు. "ఏం డ్రైవరూ, నిద్రా?" అని ఎవరో అరిచారు. ఇన్నేళ్ళలో అతన్ని ఆ మాట అన్నవాళ్ళు లేరు.

వంతెన దాటాక ఒక స్టాపుంది. గంట మోగలేదు. అక్కడ దిగాల్సిన వాళ్ళు గోల చేశారు. అద్దంలో చూస్తే జనం మధ్యనుంచి ఆమె కనిపించింది. కమ్మీ పట్టుకుని, టిక్కెట్లు ఇవ్వకుండా, కిటికీ బయటికి చూస్తోంది. అతను తనంతట తానే బస్సు ఆపాడు.

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఇంటికి నడిచి వచ్చారు. దారిలో మాటల్లేవు. గుమ్మం దగ్గర పొద్దున కట్టిన ముడి అలాగే ఉంది. ఆమె చేయి చాపి, ముడి మీద పెట్టి, తీసేసుకుంది. మెట్టుమీద కూర్చుండిపోయింది.

"విప్పండి" అంది. అతను కదలబోతే, "వద్దు, ఉండండి" అంది.

అతను పక్కన కూర్చున్నాడు. ఎండ వాళ్ళ కాళ్ళ మీద పడుతోంది. ఇన్నాళ్ళూ కోరుకున్న కూర్చోవడం ఇదే కదా అనుకున్నాడు.

"వంతెన మీద మనం దాటాం కదూ" అంది ఆమె.

అతను ఆమెవైపు తిరిగాడు.

"నేను కండక్టర్నండీ. హారన్ బస్సు ఎప్పుడు ఎక్కడుంటుందో నాకు తెలియదా? ఆ రాత్రే తెలిసింది. మీరు చెబుతారని చూశాను."

"చెబుదామనే..."

"హారన్ మోత విన్నాను. వంతెన ఆ చివరినుంచే వినిపించింది. 'ఏమిటమ్మా ఆ గోల?' అని ఒకావిడ అడిగింది. 'మావాడికి పెళ్ళి కుదిరినట్టుంది' అన్నాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను." ఆమె చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటోంది. "నవ్వాను కదూ? మీరు చూశారు కదూ?"

అబద్ధమాడదామా అనుకున్నాడు. ఇద్దరి మధ్యా అబద్ధానికి చోటు మిగల్లేదు.

"నవ్వావు."

"పిలవలేదేం?"

"ఆపితే ఆలస్యమవుతుందనుకున్నాను. ఆ కాస్తలో బతుకుతుందేమోనని."

ఆమె తల ఊపింది. మంచి చేశారనీ అనలేదు, చెడ్డ చేశారనీ అనలేదు. ఎదురింటి గోడమీద పిల్లి నడుచుకుంటూ వెళ్ళింది. పక్కింటి పిన్నిగారు తొంగిచూసి, మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

"దానికి చూపించాను" అన్నాడు అతను.

"ఏంటి?"

"నిన్ను. తల ఎత్తి పట్టుకుని కిటికీలోంచి చూపించాను. అదుగో అమ్మ, నవ్వుతోంది చూడు అన్నాను."

"చూసిందా?"

"కళ్ళు తెరిచే ఉన్నాయి."

అప్పుడు ఏడ్చింది. పిల్ల పోయిన రోజున కూడా ఆమె ఏడవడం అతను చూడలేదు. ఎప్పుడు ఏడ్చుకుందో ఏమో, అతను డ్యూటీలో ఉన్నప్పుడే అయి ఉంటుంది. భుజం మీద చేయి వేశాడు. ఆమె తోసెయ్యలేదు. దగ్గరికీ జరగలేదు.

ఆ వారమంతా ఇద్దరూ అదే బస్సులో పనిచేశారు. అతను కొత్త తాళం కొన్నాడు. రోజూ మధ్యాహ్నం అతను తాళం తీసేవరకూ ఆమె వీధి మలుపు దగ్గరే ఏదో చూస్తున్నట్టు నిలబడేది. వంతెన దాటాక గంట రోజూ తప్పేది. వారం చివర వంటింట్లో, అతనికి వీపు చూపిస్తూ ఆమె అంది: "ఏవండీ, మీరేమీ అనుకోకండి."

"చెప్పు."

"ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ వంతెన దాటేదాన్ని. ఎన్నిసార్లు దాటానో. మీరు ముందు కూర్చుని నడుపుతుంటే దాటలేకపోతున్నాను. అద్దంలో మీరు కనిపిస్తే నాకు ఆ కిటికీ కనిపిస్తోంది." గరిట పక్కన పెట్టింది. "ఇంకోటి. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలండీ. ఉన్న ఇంటికి వస్తాను గానీ తాళమున్న ఇంటికి రాలేను. మీమీద కోపం కాదు."

"తెలుసు."

"తెలియదు. కోపమే అయితే ఎంత బాగుండేది! పోట్లాడి ఊరుకునేదాన్ని."

అతను మర్నాడు ఛార్టు గదికి వెళ్ళాడు. లెక్కలమ్మ ఇంకా అక్కడే ఉంది. గోడ మళ్ళీ పెట్టమన్నాడు. ఆమె ఎందుకని అడగలేదు, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"పెడతాను. దాని ధర సంగతి నేను చూసుకుంటాను, మీరు దిగులు పడకండి. ఒకటే ఇబ్బంది. మీది చూశాక ఇకమీద గడువు లేని నియమం ఒక్కటి కూడా పెట్టకూడదని నేనే పద్ధతి మార్చాను. తేదీ వెయ్యకపోతే ఇది తీసుకోదు." ఆమె తెరవైపే చూస్తూ అడిగింది. "ఎప్పటిదాకా రాయను?"

నిదానం బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. కిటికీ బయట మెకానిక్కు ఎవరో ఇంజను రేపుతున్నాడు. ఏ రూటుకి ఎంతసేపు పడుతుందో అడిగితే నిద్రలో చెప్పే మనిషి. దీనికి ఏ తేదీ చెప్పాలి? వచ్చే ఏడంటే అప్పటికి తగ్గిపోతుందని ఒప్పుకున్నట్టు. ఎప్పటికీ అంటే ఆశ వదులుకున్నట్టు.

"నా రిటైర్మెంటు తేదీ వెయ్యండమ్మా" అన్నాడు చివరికి.

"అది చాలా దూరం కదండీ."

"కానివ్వండి. మధ్యలో ఆవిడ తీసెయ్యమంటే తీసేద్దురుగాని."

ఆమె తేదీ కొట్టింది.

మధ్యాహ్నం డ్యూటీ మొదలైన రోజున, ఆమె వచ్చి సంచి మేకుకు తగిలిస్తుంటే అతను గుమ్మం దగ్గర చెప్పాడు, ఎప్పటిదాకా అని అడిగారని, తను ఏం చెప్పాడో అదీ.

ఆమె చెప్పులు విడిచింది. "ఆ తర్వాత ఇద్దరం పొద్దస్తమానం ఇంట్లోనే కదండీ. అప్పుడెలా?"

అతను వంగి చెప్పులు వేసుకున్నాడు. ఆమె కూడా సమాధానం కోసం నిలబడలేదు, మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళింది. అతను వీధిలోకి దిగాడు. వెనక తలుపు తెరిచే ఉంది.